పై వంటిల్లు

నవంబర్ 14

ఆంజనేయప్రసాద్ ఈ రోజు ముగ్గురు ఆడపిల్లల్ని చలిలో వీధిన పెట్టాడు. తారీఖూ పేరూ రాసిపెట్టుకుంటున్నాను. నిన్నటిదాకా ప్రసాద్ గారూ అని పిలిచినవాణ్ణే. ఈ పుస్తకంలో ఇక గారు లేదు.

రిషిత, ధరణి, స్వీటీ. ముగ్గురూ నా కాలేజీయే. ఏడాదిగా అతని ఇంటి బేస్‌మెంట్లో అద్దెకుంటున్నారు. క్లాసులూ పార్ట్ టైమ్ పనులూ చూసుకుని తిరిగొచ్చేసరికి కిందికి దిగే పక్క తలుపు నంబర్ల తాళం కోడ్ మారిపోయింది. పెట్టెలు గ్యారేజీలో వరసగా పేర్చి ఉన్నాయి. స్వీటీ ఆవకాయ జాడీ కూడా, మూత మీద టేపు వేసి మరీ. డాలస్‌లో అతని బావమరిదికి హెచ్ వన్ బీ వీసా చిక్కొచ్చి, సరిహద్దుకి ఇవతల ఇక్కడ వర్క్ పర్మిట్ దొరికిందట. కుటుంబంతో డిసెంబర్ పదో తారీఖుకి దిగుతున్నాడట. వాళ్ళకి బేస్‌మెంట్ కావాలి. నోటీసూ లేదు, మాటా లేదు. రిషిత ఫోన్ చేసి అడిగితే, "మీరు మా పిల్లల్లాంటి వాళ్ళమ్మా, మీరే అర్థం చేసుకోకపోతే ఎలా?" అన్నాడట.

రిషిత నాకు చెబుతున్నప్పుడు నేను సరోజన గారి ఆఫీసులో కాగితాలకు చిల్లులు పొడుస్తున్నాను. నా న్యాయవిద్య ప్రస్తుతానికి అదే. ఈ దేశంలో లాయర్ కావాలంటే ముందొక డిగ్రీ, తర్వాత యూనివర్సిటీలో మూడేళ్ళ లా. అంత దారి నాకు లేదు. పారాలీగల్ అయితే చిన్న కాలేజీ కోర్సు, దాని చివర ఇలా లైసెన్సున్న సరోజన గారి లాంటివాళ్ళ దగ్గర ప్లేస్‌మెంట్‌లో చేరి పని నేర్చుకోవడం, ఆపైన లైసెన్సు పరీక్ష. పెద్ద కోర్టులు కాదు గాని, అద్దె ట్రిబ్యునల్లో ఒక మనిషి పక్కన నిలబడి ఆ మనిషి కోసం మాట్లాడొచ్చు. నాకు కావలసింది ఆ నిలబడటమే.

ముగ్గురినీ ఆఫీసుకి రమ్మన్నాను. సరోజన గారు అంతా విని, కళ్ళద్దాలు నెత్తి మీదికి నెట్టి, "తాళం మార్చుడు తప్పు. పెద్ద తప్పు. ఇసొంటివి తొందరగనే వింటరు. అర్జెంట్ అని కేసు వేద్దాం," అంది.

తర్వాత మొదలుపెట్టింది తన ప్రశ్నలు. ఎక్కడ వండుకుంటరు, ఎక్కడ స్నానం చేస్తరు, తాళం ఎవరి చేతిల ఉంటది. ఇరవై ఏళ్ళ క్రితం జగిత్యాల నుంచి వచ్చినావిడ. ఇంట్లో అద్దెకున్నవాడు ఎవడొచ్చినా ఇవే అడుగుతుంది. పెళ్ళిచూపుల్లో వంటొచ్చా పాటొచ్చా అన్నట్టు. అన్యాయం ఎదురుగా కూర్చుని వణుకుతుంటే స్టవ్ గురించి ఏమిటి? నాకు ఓపిక లేకపోయింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నా రాత నేను మొదలుపెట్టాను.

నవంబర్ 15

కరపత్రం పూర్తయింది. ఖమ్మంలో పదో తరగతి నుంచీ కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. ఇక్కడ న్యాయ సలహాలిచ్చే లీగల్ క్లినిక్ గుమ్మంలో ఉచితంగా పెట్టే రంగుల కరపత్రాలు కూడా ఒక్కటీ వదల్లేదు. వాటిలో హక్కులుంటాయి, మంట ఉండదు. నా దాంట్లో ఉంది. ఇంగ్లీషులో రాశాను. నాకు బాగా నచ్చిన చోటు తెలుగులో ఇలా ఉంటుంది:

"ఒకే ఇంట్లో బతికాం. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని ఒకే కుటుంబంలా తిన్నాం. ఆ చేతులే ఈ రోజు మా పెట్టెలు బయట పెట్టాయి."

రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. కింద ముగ్గురి పేర్లూ పెట్టాను. వాళ్ళని అడగలేదు. అడిగితే భయపడతారు. భయపడేవాళ్ళ తరఫున ఎవరో ఒకరు ధైర్యం చెయ్యాలి.

సుబ్బరాజు గారి ఇండియన్ గ్రోసరీ బోర్డు మీద ఒకటి అంటించాను. యూనివర్సిటీ స్టేషన్ దగ్గర రెండు. వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను.

నవంబర్ 17

ఫోన్ మోగుతూనే ఉంది. రెజైనా నుంచి ఎవరో, కాల్గరీ నుంచి ఎవరో. "బాగా రాశావు బ్రో, మా ఓనర్ కూడా ఇంతే." సరోజన గారికి చెప్పలేదు. రేపు చెప్తాను.

నవంబర్ 18

శనివారం. ఆఫీసు లేదు. చెప్పడం కుదరలేదు.

నవంబర్ 20

ట్రిబ్యునల్లో హియరింగ్ డిసెంబర్ 5న. ఇంత తొందరగా దొరకడం అదృష్టమే అంది సరోజన గారు. ముగ్గురి స్టేట్‌మెంట్లకు డ్రాఫ్టు నన్ను రాయమంది. రాత్రంతా కూర్చుని రాశాను. ఆవిడ ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కో మాటా కొట్టేస్తూ పోయింది.

"అమానుషంగా. ఇదెందుకు?"

"అమానుషమే కదా మేడమ్."

"అమానుషమో కాదో తేల్చెటానికే గదా ట్రిబ్యునల్ల తీర్పు చెప్పే మెంబరమ్మ అక్కడ కూర్చునేది. నువ్వే తేల్చినంక ఇంక ఆమె ఎందుకు? తలుపు ఎన్ని గంటలకు మూసి ఉండె? పాత కోడ్ కొడితే ఏం లైటొచ్చింది? అది రాయి."

"ఎరుపు."

"అగో. ఎరుపు. అది రాయి. నీకెంత మండిందో అది వద్దు."

నాలుగు పేజీలు ముప్పావు పేజీ అయింది. అందులో మిగిలిన నా సొంత మాట ఎరుపు ఒక్కటే.

కరపత్రం సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఫోనొచ్చింది ఆవిడకి. రేపు చెప్తాను.

నవంబర్ 21

రేపు.

నవంబర్ 23

చెప్పాల్సిన అవసరం తీరిపోయింది. ప్రసాద్ తరఫు లాయరే చెప్పాడు.

పొద్దున్నే ఆఫీసు తలుపు తీస్తే సరోజన గారు కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉంది. అవతలివాళ్ళు వేసిన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. మొదటి పేజీలో వాళ్ళ వాదన రెండు వాక్యాలు. వెనక నా కరపత్రం, పసుపు రంగు పూసి. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి మీద.

"ఇది నువ్వు రాసినవా?"

"మేడమ్, నేను చెబుదామనే..."

"నేనడిగింది అది కాదు."

"నేనే."

చట్టం పుస్తకం తీసి నా ముందు పెట్టింది. వేలు పెట్టి చూపించింది. ఇంటి యజమాని అదే ఇంట్లో ఉంటూ, అతనితో వంటిల్లు గానీ బాత్‌రూమ్ గానీ తప్పనిసరిగా పంచుకోవాల్సిన అద్దెదారుకు ఈ చట్టం వర్తించదు. అంతే. నోటీసు అక్కర్లేదు, ట్రిబ్యునల్ అక్కర్లేదు. ఇష్టమొచ్చినప్పుడు పొమ్మనొచ్చు. పిల్లల వాదన వినకముందే, ఇది మా పరిధిలోది కాదు అని ఫైలు మూసేస్తారు.

ఆ వాక్యం నాకు తెలుసు. ఆ రంగుల కరపత్రాల్లో వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడిదాకా చదివేసరికి నాకు ఎప్పుడూ రక్తం మరిగిపోయి ఉండేది.

"నేను వంటిల్లు గురించి ఎందుకడుగుతననుకున్నవు? వాళ్ళ కూరలు రుచి చూద్దామనా?"

పసుపు పూసిన కాగితాన్ని నేను బోర్లా తిప్పాను.

"నా దగ్గర పని నేర్చుకుంటున్నవ్. నా క్లయింట్ల పేర్లు దుకాణం గోడకు అంటిస్తివి. వాళ్ళనడిగినవా?"

"లేదు."

"నన్నడిగినవా?"

"లేదు మేడమ్."

"మరి ఎవల కోసం రాసినవ్?"

దీనికి జవాబు ఇక్కడ రాయను.

నన్ను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. "నీ ప్లేస్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టాల్నా వద్దా అన్నది ఈ కేసైనంక చూస్త. ముందు పొయ్యి ఆ పిల్లలకు నువ్వే చెప్పు, నువ్వేం చేసినవో," అంది.

నవంబర్ 24

కాఫీ షాపులో కలిశాం. ఇప్పుడు తలొక చోట ఉంటున్నారు. రిషిత క్లాస్‌మేట్ గదిలో నేల మీద, స్వీటీ పిన్నికూతురు దగ్గర రోజూ గంటన్నర బస్సు ప్రయాణంలో. ధరణి తను పనిచేసే చోట ఒకావిడ సోఫాలో పడుకుంటోంది. మిడ్‌టర్మ్‌లు అయ్యాయి, ఫైనల్స్ ముందున్నాయి. ఏప్రిల్‌కి కోర్సు అయ్యేదాకా ఈ ఊళ్ళో ఇంకో గది దొరకదు. సెప్టెంబర్‌లో దిగినవాళ్ళే ఇంకా హాల్లో పరుపులేసుకుని ఉన్నారు.

చెప్పాను. అంతా చెప్పాను. స్వీటీ ముందు అర్థం చేసుకుంది.

"అంటే ఏంట్రా, మేం ప్రసాద్ అంకుల్ వాళ్ళావిడ వంటింట్లో వండుకున్నామని రాశావా? ఆ త్రిపురసుందరి ఆంటీ వంటింట్లోనా?" నవ్వు మొదలుపెట్టింది. "ఒరేయ్, మేం కింద లాండ్రీ గదిలో, వాషింగ్ మెషీన్ పక్కన ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని వండుకుంటాం. బాత్‌రూమ్ కూడా మాకు కిందే. పైమెట్టు దాటి మేం ఎప్పుడైనా వెళ్ళామా?"

"సరోజన ఆంటీకి మొదటి రోజే చెప్పాం," అంది రిషిత. "నువ్వప్పుడు బయట మెట్ల మీద ఉన్నావ్. పైకి రావొద్దని త్రిపురసుందరి ఆంటీ మొదటి వారమే చెప్పింది. నాన్-వెజ్ తినేవాళ్ళు తన వంటింట్లోకి రాకూడదని. పండక్కి పులిహోర చేస్తే మెట్ల మీద పెట్టి తలుపు తట్టి వెళ్ళిపోయేది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకేం! అదే చెబుదాం! పంచుకోలేదనేగా కావలసింది!" బల్ల మీద గట్టిగా కొట్టాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు.

ధరణి అప్పటిదాకా కప్పు మూత గోటితో గీస్తూ కూర్చుంది. "మాకు చెప్పిన మాట అందరికీ ఒకటే," అంది. "కానీ మొదటి నెల్లో ఒకసారి మంచినీళ్ళడిగితే స్టీలు గ్లాసుతో ఇచ్చింది. తర్వాత మా ఇంటిపేరు అడిగింది. ఊరు అడిగింది. ఊళ్ళో ఏ వైపు అని అడిగింది. ఆ తర్వాత నుంచి నా ఒక్కదానికే పేపర్ గ్లాసు. వీళ్ళిద్దరికీ స్టీలే."

రిషిత, "నువ్వు మాకెప్పుడూ..." అని ఆగిపోయింది.

"ఏం చెప్పను? గ్లాసు గురించి చెప్పనా?" నా వైపు తిరిగింది. "మెట్ల పైన తలుపు దగ్గర ఏం జరిగిందో మొత్తం నేనే చెప్పాలిప్పుడు. పేపర్ గ్లాసుతో సహా. ప్రసాద్ అంకుల్ వింటుంటే, నా పేరు రికార్డులో ఉండగా. ఎందుకంటే నువ్వు ఒకే కుటుంబం అని రాశావు కాబట్టి. నువ్వు రాసిన ఆ కుటుంబంలో నేను లేను మహీధర్."

పూర్తి పేరుతో పిలిచింది. ఎప్పుడూ మహీ అంటుంది.

నవంబర్ 25

నాకు కోపంగా లేదు.

నవంబర్ 26

నాకు కోపంగా లేదు. ఎవరి మీదా లేదు. త్రిపురసుందరి ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచి వచ్చాను. ఊరికే. బస్సు ఆ దారిలోనే పోతుంది.

నవంబర్ 27

కరపత్రాలు పీకేశాను. స్టేషన్ దగ్గరవి వానకి నానిపోయి గోళ్ళలో ఇరుక్కున్నాయి. సుబ్బరాజు గారు కౌంటర్ వెనక నుంచి చూస్తున్నాడు.

"ఏంటి బాబూ, విప్లవం అయిపోయిందా?"

"ఇంకా మొదలవలేదు అంకుల్."

"అంటించేటప్పుడు పిన్నులు నా దగ్గరే తీసుకున్నావు. పీకాకైనా ఇచ్చెయ్. రేపు బిర్యానీ ఆఫర్ కాగితం పెట్టాలి."

పిన్నులు ఇచ్చేశాను. వాట్సాప్‌లో పెట్టినవి పీకడానికి మాత్రం పిన్నులు లేవు.

డిసెంబర్ 1

ఆఫీసు. చిల్లులు పొడిచాను. ఎవరూ నాతో మాట్లాడలేదు. మంచిదే.

డిసెంబర్ 4

రేపే. సరోజన గారు ముగ్గురినీ కూర్చోబెట్టి ఎలా మాట్లాడాలో చెప్పింది. నన్ను తలుపు పక్కన కుర్చీలో కూర్చోమంది. ఈసారి మెట్ల మీదికి పోలేదు.

"ధరణీ, నువ్వు చెప్పకపోయినా వాళ్ళిద్దరి మాటతోటి నెట్టుకొస్త," అంది. "కాని వాళ్ళ చేతిల కాగితమున్నది, మన దగ్గర మాటలే ఉన్నయి. తలుపు దగ్గర నిలబడి నీళ్ళడిగింది నువ్వొక్కదానివే. నీ మాటకు బరువెక్కువ. బలవంతం లేదు బిడ్డా."

ధరణి కుర్చీ ముందుకి జరుపుకుంది. "చెప్తాను. కానీ ఏడవను." నా వైపు చూసింది. "ఏడిస్తే ఇతను మళ్ళీ రాస్తాడు."

స్వీటీ పకపకా నవ్వింది. సరోజన గారు కూడా. నేను కూడా నవ్వాను. నవ్వాక, ఇన్నాళ్ళకు, నిజంగా సిగ్గేసింది.

డిసెంబర్ 5

అంతా రాయాలి. మర్చిపోకముందే.

హియరింగులన్నీ ఇప్పుడు వీడియోలోనే. ఆఫీసు బల్ల మీద ఒకటే ల్యాప్‌టాప్, ముందు సరోజన గారూ ముగ్గురూ. నేను తలుపు పక్కన కుర్చీలో, చేతులు తొడల కింద పెట్టుకుని. అది సరోజన గారి ఆజ్ఞ. "లేవకు, దగ్గకు, నీ ముఖం ఆ డబ్బాల కనపడొద్దు." తెర మీద ట్రిబ్యునల్ మెంబర్, నెరిసిన జుట్టు తెల్లావిడ. ఇంకో గడిలో ప్రసాద్, త్రిపురసుందరి, వెనక దేవుడి పటాలు. వేరే గడిలో వాళ్ళ లాయర్.

లాయర్ ముందు నా కరపత్రం చదివాడు. నా మాటలు అతని గొంతులో ఎంత బాగున్నాయో. మెంబర్ తల ఊపుతూ రాసుకుంది. రిషిత చెప్పింది, స్వీటీ చెప్పింది. ఇంకొకరు రాసి మా పేర్లు పెట్టారని చెప్పారు. "మీ మాట, మీ పేర్లతో ఉన్న కాగితం, రెండూ ఒకటి కావు మరి," అంది మెంబర్. కటువుగా కాదు. మామూలుగా.

తర్వాత ధరణి వంతు. నీళ్ళ సీసా మూత తిప్పుతోంది, విప్పడం లేదు. అప్పుడు ప్రసాద్ లాయర్ అడ్డొచ్చాడు. త్రిపురసుందరికి డాక్టర్ దగ్గరికి వెళ్ళే పనుందట, ఆవిడ సాక్ష్యం ముందు తీసుకోమన్నాడు. మెంబర్ సరేనంది.

లాయర్ ఆవిణ్ణి అడిగినవన్నీ నున్నగా ఉన్నాయి. వీళ్ళని సొంత పిల్లల్లా చూసుకున్నారా? చూసుకున్నాం. మీరు వండినవి వాళ్ళకు పెట్టేవారా? పండక్కి పండక్కి. అంతే, ముగించాడు. ప్రసాద్ ముఖం వెలిగింది.

సరోజన గారి వంతు. నేను ఊహించుకున్న క్రాస్ ఎగ్జామినేషన్‌లో బల్ల గుద్దడం ఉంటుంది. ఈవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, ఎంతో మర్యాదగా, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేను తెలుగులో రాస్తున్నాను.

"మీ ఇల్లు చాలా శుభ్రంగా కనిపిస్తోందమ్మా. వెనక పూజ గది కదా?"

"అవునండీ. వంటింటి పక్కనే."

"నిత్య నైవేద్యం ఉంటుందా?"

"ఒక్క రోజు తప్పదు. బయట ఎన్ని మైనస్ డిగ్రీలున్నా స్నానం చేశాకే పొయ్యి ముట్టుకుంటాను."

"అదే పొయ్యి మీద మాంసం కూడా వండుతారా?"

"రామ రామ! ఏంటండీ ఆ ప్రశ్న?" ఈ ముక్క తెలుగులోనే అనేసింది.

"క్షమించండి. ఈ అమ్మాయిలు మాంసం వండుకుంటారని మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? ఆదివారం వచ్చిందంటే ఇల్లంతా చికెన్ వాసన. చేపలు కూడానూ."

"అదంతా మీ పొయ్యి మీదే కదా?"

గడిలో ప్రసాద్ కదిలాడు. "త్రిపురా..." అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "సర్, సాక్షితో మాట్లాడకండి," అంది మెంబర్ వెంటనే.

త్రిపురసుందరి మొగుడి వైపు చూసింది. తర్వాత కెమెరా వైపు. ఆవిడ ముఖంలో నాకు కనపడింది భయం కాదు. పరువు. దేవుడి పటాల ముందు కూర్చుని, నా పొయ్యి మీద వాళ్ళు చేపలు వండారు అని ఎలా అంటుంది?

"ఎవరండీ చెప్పింది? ఆ కాగితం ఎవడు రాశాడో గాని వాడికి కళ్ళు పోను. నా వంటింట్లో వాళ్ళు అడుగైనా పెట్టలేదు. నా స్టవ్ మీద ఈ రోజు వరకూ కోడిగుడ్డు కూడా ఉడకలేదు. మొదటి వారమే చెప్పాను, పైకి రావద్దమ్మా, మీది కిందే, అని. కావాలంటే ఆయన్నే అడగండి, లాండ్రీ గదిలో ప్లగ్గు పెట్టించింది ఆయనే."

లాయర్ కళ్ళు మూసుకున్నాడు. మెంబర్ రాసుకుంటూనే ఉంది. రాయడం ఆపి, "ఒక్కసారి కూడా రాలేదా?" అని అడిగింది.

"ఒక్కసారి కూడా." ఎంత గర్వంగా అందో.

"నా ప్రశ్నలు అయిపోయాయి," అంది సరోజన గారు. ధరణిని పిలవాల్సిన అవసరం లేదని కూడా చెప్పింది.

ధరణి నీళ్ళ సీసా మూత అప్పుడు విప్పింది. సగం సీసా ఒక్క గుక్కలో తాగింది.

మెంబర్ పావుగంట విరామం తీసుకుని వచ్చి అక్కడే చెప్పేసింది. వంటిల్లు గానీ బాత్‌రూమ్ గానీ పంచుకోలేదు, చట్టం వర్తిస్తుంది, తాళం మార్చడం చెల్లదు. రేపు సాయంత్రం ఐదింటికల్లా కొత్త కోడ్ ముగ్గురి చేతికీ ఇచ్చి లోపలికి రానివ్వాలి. బేస్‌మెంట్ ఇంకెవరికీ ఇవ్వకూడదు. రాతలో ఆర్డర్ తర్వాత వస్తుంది, కానీ రేపు రేపే.

తెర ఆరిపోయింది. తర్వాత స్వీటీ, "అంటే ఏంటి, మనల్ని లోపలికి రానివ్వలేదని రుజువైంది కాబట్టి ఇప్పుడు లోపలికి వెళ్తున్నామా?" అంది. రిషిత నవ్వుతూ ఏడ్చేసింది. కుర్చీలోనే ఉండిపోయాను, చేతులు ఇంకా తొడల కిందే.

ధరణి నా ముందుకొచ్చి నిలబడింది. "ఆవిడ నోటితో ఆవిడే చెప్పింది. నేను చెప్పాల్సిన పని తప్పింది. హాయిగా ఉంది." సీసా మూత బిగించి, "గ్లాసు సంగతి ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేనే చెప్తాను. నువ్వు కాదు మహీ," అంది.

మహీ అంది.

అందరూ వెళ్ళాక సరోజన గారు ప్లేస్‌మెంట్ కాగితం తీసింది. సంతకం పెట్టలేదు. మళ్ళీ సొరుగులో పెట్టింది. "నువ్వు పనిచెయ్యాల్సిన గంటలు ఇంకా మిగిలి ఉన్నయి గదా. రేపట్నుంచి కొత్త క్లయింట్లను ఆ మూడు ప్రశ్నలు నువ్వే అడుగు. జవాబొచ్చేదాక కూసొని విను. నీకు వినుడొస్తే మాట్లాడుడు నేను నేర్పిస్త." అని, బయటికెళ్తూ వెనక్కి తిరిగి, "ఎరుపు లైటు మంచిగ రాసినవ్," అంది.

నడిచి ఇంటికొచ్చాను. ట్రైన్ ఎక్కాలనిపించలేదు. మంచు మొదలైంది. రాత్రంతా పడుతుందట, మోకాలి దాకా. ప్రసాద్ పక్క తలుపు దారిలో మంచు తీయించడని నాకు తెలుసు. ఆర్డర్లో దారి గురించి లేదు.

అందుకని ఇంకొకటి రాశాను. ముందు ధరణికి చదివి వినిపించాను, తర్వాత మిగతా ఇద్దరికీ. ధరణి రెండు విశేషణాలు కొట్టేయించింది. స్వీటీ ఒక లైను కలిపింది. మిగిలింది గ్రూపుల్లో పెట్టాను:

"రిషిత, ధరణి, స్వీటీ రేపు వాళ్ళ ఇంట్లోకి తిరిగి వెళ్తున్నారు. పక్క తలుపు దాకా మంచు ఉంటుంది. పార ఉన్నవాళ్ళు పార తెండి, కారు ఉన్నవాళ్ళు కారు తెండి. నినాదాలు వద్దు, వీడియోలు వద్దు, ఓనర్ గారితో ఎవరూ మాట్లాడొద్దు. పనయ్యాక కింద గదిలో చేపల పులుసు ఉంటుంది. రేపు బుధవారం, సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకి, పక్క తలుపు దగ్గర. అందరూ రండి."